బిరుసైన పొడి జుట్టు మధ్యలోనే తెగిపోతుంటే ఏం చేయాలి: సమగ్ర మార్గదర్శి

బిరుసుగా, పొడిగా, దగ్గర దగ్గర రింగులతో ఉండే జుట్టు గలవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "నా జుట్టు ఎన్నేళ్లయినా భుజాలు దాటడం లేదు." తమ జుట్టుకు పెరిగే గుణమే లేదన్న నిరాశ ఆ మాటలో ఉంటుంది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న మాడు మీద వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. బాగా బిగుతైన రింగుల జుట్టులో ఇది కొంచెం తక్కువగా ఉండవచ్చు గాని, ఆగిపోవడం మాత్రం ఉండదు. కుదుళ్ల దగ్గర పెరిగినంత మేరా చివర్లలో తెగిపోతూ ఉంటే పొడవు ఉన్నచోటే ఉంటుంది. అందువల్ల ఇలాంటి జుట్టు విషయంలో పెంచడం ఎలా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, పెరిగినదాన్ని నిలుపుకోవడం ఎలా అని ఆలోచించడం మంచిది.

ఒక చిన్న లెక్క చూడండి. మీ జుట్టు 30 సెంటీమీటర్ల పొడవుంటే, దాని చివరి కొస మీ తల మీద మొలిచి కనీసం రెండున్నరేళ్లు అయి ఉంటుంది. ఆ కాలంలో అది వందలసార్లు తడిసి ఆరింది, వేలసార్లు దువ్వెన పళ్ల మధ్య నుంచి వెళ్లింది, ప్రతి రాత్రీ దిండుకు రాసుకుంది. మాడు బయటికి వచ్చిన వెంట్రుకలో జీవకణాలు ఉండవు కాబట్టి, చర్మం మీది గీత మానినట్టు దానికి తగిలిన దెబ్బ తనంతట తాను మానదు. చిట్లిన కొసను శాశ్వతంగా అతికించే నూనె గాని, క్రీము గాని లేదు. మన చేతిలో ఉన్నవి రెండే పనులు: కొత్త దెబ్బ తగలకుండా చూసుకోవడం, పాత దెబ్బ తగిలిన భాగాన్ని కత్తిరించే రోజు వచ్చేవరకు జాగ్రత్తగా నెట్టుకురావడం. కింద చెప్పిన ప్రతి మెట్టునూ నేను ఒకే కొలతతో తూచాను: ఈ పని వల్ల వెంట్రుక మీద లాగుడు, రాపిడి, ఉబ్బుడు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా?

బిరుసు జుట్టు ఎందుకు త్వరగా తెగుతుంది

వెంట్రుకకు బయటి వైపున క్యూటికల్ అనే పొర ఉంటుంది. ఇంటి కప్పు మీది పెంకుల మాదిరిగా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పలచని పొలుసులతో అది ఏర్పడుతుంది. ఆ పొలుసుల అంచులు వెంట్రుక కొస వైపుకు తిరిగి ఉంటాయి. దాని లోపల ఉండే కార్టెక్స్‌లో కెరటిన్ అనే ప్రోటీన్ పోగులు పేనిన తాడులా ఉంటాయి. వెంట్రుక బలం ప్రధానంగా ఈ లోపలి భాగానిదే; ఆ బలాన్ని కాపాడే కవచం మాత్రం క్యూటికల్. దాని పైన 18-ఎంఈఏ అనే కొవ్వు ఆమ్లం పలచని పూతలా అంటుకుని ఉండి, నీటిని లోపలికి పోనివ్వకుండా, పక్క వెంట్రుకతో రాసుకోకుండా చూస్తుంది. బ్లీచ్ చేసినా, ఘాటైన క్షార రసాయనాలు వాడినా ఆ పూత కొట్టుకుపోతుంది, అది పోయిన చోట మళ్లీ పుట్టదు.

రింగుల జుట్టుకు పుట్టుకతోనే కొన్ని ఇబ్బందులున్నాయి. మాడులో ఊరే నూనె తిన్నని వెంట్రుక వెంబడి సులువుగా కిందికి జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద ఆ నూనె మొదటి రెండు మూడు మలుపుల దగ్గరే ఆగిపోయి, చివర్లకు చేరదు. పైగా ఇలాంటి వెంట్రుక గుండ్రంగా కాక నొక్కినట్టుగా ఉంటుంది, మెలి తిరిగే చోట దాని మందం మారుతుంది. లాగినప్పుడు ఆ శక్తి అంతటా సమానంగా పంచుకోబడకుండా మలుపుల దగ్గర పోగుపడుతుంది. ఆ మలుపుల దగ్గరే పొలుసులు లేచి ఉండి, పక్క వెంట్రుకలతో పెనవేసుకుని ముడులు పడతాయి. లావుగా ఉంది కదా, గట్టిగా ఉంటుందిలే అని బిరుసు జుట్టుతో మొరటుగా వ్యవహరించడం చాలామంది చేసే తప్పు.

మరొక అపోహ కూడా ఇక్కడే తొలగించుకోవాలి. చేతికి పొడిగా తగిలే జుట్టులో నీరు తక్కువగా ఉందని మనం అనుకుంటాం. పైపొర దెబ్బతిన్న వెంట్రుక నిజానికి మంచి వెంట్రుక కంటే ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు ఎక్కువగా ఉబ్బుతుంది. మన వేళ్లకు పొడిదనంగా తెలిసేది చాలావరకు పైపొర గరుకుదనమే. కాబట్టి రోజుకు నాలుగుసార్లు నీళ్లు చిలకరించడం దీనికి పరిష్కారం కాదు. గరుకుదనాన్ని కప్పే నున్నని పూత వేసి, నీరు లోపలికీ బయటికీ పోయే వేగాన్ని తగ్గించడమే పరిష్కారం. ఈ ఒక్క విషయం అర్థమైతే, ఏ సీసా కొనాలి, దేన్ని వదిలేయాలి అన్న గందరగోళం సగానికి సగం తీరుతుంది.

మొదటి మెట్టు: రాలుతోందా, తెగుతోందా తేల్చుకోండి

తల దువ్వుకునేటప్పుడు భుజాల మీద తెల్లని బట్ట ఒకటి వేసుకుని, దాని మీద పడిన వెంట్రుకలను వెలుతురులో పరిశీలించండి. పొడవుగా ఉండి, ఒక చివర చిన్న తెల్లని బొడిపె ఉన్న వెంట్రుక కుదురు నుంచి సహజంగా రాలినది. రోజుకు 50 నుంచి 100 వరకు ఇలా రాలడం మామూలే. వారానికోసారి మాత్రమే చిక్కు తీసుకునేవారికి ఏడు రోజుల రాలుడు ఒకేసారి చేతికి వస్తుంది గనుక, ఆ గుప్పెడు జుట్టును చూసి బెంబేలు పడనక్కరలేదు. పొట్టిగా, రకరకాల పొడవుల్లో, ఏ చివరా బొడిపె లేకుండా ఉన్న ముక్కలు తెగినవి. రాలడానికీ తెగడానికీ కారణాలు వేరు, మందులు వేరు. ఈ మార్గదర్శి రెండోదానికి ఉద్దేశించినది.

తెగుడు ఎక్కడ ఎక్కువగా ఉందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. చివర్లలో మాత్రమే చిన్న ముక్కలు రాలుతుంటే అది వయసు మీరిన కొసల అరుగుదల. నుదుటి అంచున, చెవుల పైన పలచబడితే బిగించి కట్టుకోవడం మీద అనుమానపడాలి. మెడ వెనక భాగం పొట్టిబడితే చొక్కా కాలరు, శాలువా, కుర్చీ వెనకభాగం వంటివాటి రాపిడి కావచ్చు. రబ్బరు బ్యాండు వేసే చోటే వరుసగా తెగి ఉంటే చెప్పనక్కరలేదు. రసాయనాలతో సాగదీయించిన జుట్టును వదిలేసి సహజమైన జుట్టును పెంచుకుంటున్నవారికి, పాతదీ కొత్తదీ కలిసే గీత దగ్గర తెగుతుంది. అక్కడ ఒకవైపు రింగు, మరొకవైపు బలహీనపడిన తిన్నని పోగు ఉండటంతో లాగుడంతా ఆ ఒక్క చోటే పడుతుంది. నడినెత్తిన మాత్రమే తెగుతుంటే ఈ వ్యాసంలో ఎనిమిదో మెట్టును ముందుగా చదవండి.

వెంట్రుకలో ఎంత సాగే గుణం మిగిలి ఉందో తెలుసుకోవడానికి, రాలిన ఒక వెంట్రుకను తడిపి రెండు చేతుల వేళ్ల మధ్య మెల్లగా లాగి చూడవచ్చు. ఆరోగ్యమైన తడి వెంట్రుక తన పొడవులో సుమారు 30 శాతం వరకు సాగి, వదిలితే తిరిగి యథాస్థితికి వస్తుంది. ఏమాత్రం సాగకుండా టపీమని తెగితే పెళుసుబారిందని, మెత్తని బంకలా సాగి వెనక్కి రాకుండా ఉండిపోతే బ్లీచ్ లేదా వేడి వల్ల లోపలి పోగులు దెబ్బతిన్నాయని అంచనా వేసుకోవచ్చు. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా చూసే పరీక్షను మాత్రం నమ్మకండి; వెంట్రుకకు నూనె అంటుకుని ఉన్నా, గాలి బుడగ పట్టుకుని ఉన్నా ఫలితం మారిపోతుంది.

రెండో మెట్టు: దెబ్బ కొడుతున్నదాన్ని ఆపండి

గాయం చేస్తున్నదాన్ని కొనసాగిస్తూ పైన పూతలు పూయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందుగా వేడి సంగతి చూద్దాం. జుట్టు తడిగా ఉన్నప్పుడు స్ట్రెయిటెనర్ పెడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటపడే దారి లేక వెంట్రుక లోపల బుడగలు పుట్టిస్తుంది. ఆ బుడగలున్న చోట వెంట్రుక విరిగిపోతుంది. కనీసం మూడు నెలలు స్ట్రెయిటెనర్‌ను పూర్తిగా పక్కన పెట్టగలిగితే అంతకన్నా మేలు లేదు. తప్పనిసరైతే జుట్టు పూర్తిగా ఆరిన తరువాత, వేడి నుంచి రక్షించే క్రీము లేదా స్ప్రే రాసి, 180 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, ఒక్కో పాయ మీద ఒక్కసారి మాత్రమే నడపండి, వారానికి ఒకసారికి మించి వాడకండి.

రసాయనాల విషయంలో నా సలహా ఇంకా కఠినంగా ఉంటుంది: తెగుడు అదుపులోకి వచ్చేవరకు బ్లీచ్, శాశ్వతంగా సాగదీసే రిలాక్సర్, రెండూ వద్దు. రిలాక్సర్లలో సోడియం హైడ్రాక్సైడ్ వంటి తీవ్రమైన క్షారాలు ఉంటాయి. అవి కెరటిన్ పోగులను కలిపి ఉంచే గంధకపు బంధాలను తిరిగి రాని విధంగా మార్చేస్తాయి. మానలేని పరిస్థితి ఉన్నవారు కొత్తగా పెరిగిన భాగానికి మాత్రమే, రెండు నుంచి నాలుగు నెలల విరామంతో, అనుభవమున్నవారి చేత పెట్టించుకోవాలి. ఇదివరకే సాగదీసిన భాగం మీద మళ్లీ పూస్తే అది తెగక తప్పదు. ఒకే జుట్టుకు రిలాక్సర్, బ్లీచ్ రెండూ చేయించుకోవడం తెగుడును కోరి తెచ్చుకోవడమే. నున్నగా చేసే చికిత్సలు కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వేడి తగలగానే అది వాయువుగా విడుదలవుతుంది. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించిందన్న సంగతి, ఆ కుర్చీలో కూర్చునేవారికీ, వారికి పూసేవారికీ తెలిసి ఉండాలి.

మూడో మెట్టు: చిట్లిన కొసలను వదులుకోండి

చాలామందికి మనసొప్పని మెట్టు ఇదే. పొడవు కోసం తపిస్తున్నవారిని కత్తిరించమనడం క్రూరంగా అనిపించవచ్చు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని చిట్లిన కొస అక్కడితో ఆగదు. పక్క వెంట్రుకను పట్టుకుని ముడి వేస్తుంది, ఆ ముడి విప్పబోతే చీలిక ఇంకా పైకి పాకుతుంది. ఈ రోజు 2 సెంటీమీటర్లు తీయించుకోనివారు ఆరు నెలల్లో అంతకంటే ఎక్కువే ముక్కలు ముక్కలుగా పోగొట్టుకుంటారు.

వెంట్రుక మీద అక్కడక్కడ చిన్న తెల్లని చుక్కల్లా కనిపిస్తే వాటిని ప్రత్యేకంగా గమనించండి. ఆ చోట పైపొర పగిలి లోపలి పోగులు రెండు కుంచెలను ఎదురెదురుగా గుచ్చినట్టు విచ్చుకుని ఉంటాయి; వైద్యులు దీన్ని ట్రైకోరెక్సిస్ నోడోసా అంటారు. ఆ చుక్క దగ్గర వెంట్రుక ఎప్పటికైనా విరగక తప్పదు గనుక, దానికి కాస్త పైనే కత్తిరించడం మేలు. కత్తెర పదునుగా, జుట్టుకు మాత్రమే వాడేదిగా ఉండాలి. కాగితాలు కోసిన మొద్దు కత్తెర కొసను నలిపి కొత్త చీలికకు దారి తీస్తుంది.

నాలుగో మెట్టు: తలస్నానాన్ని మార్చుకోండి

ఎన్నాళ్లకోసారి తలస్నానం చేయాలన్నదానికి అందరికీ పనికివచ్చే అంకె లేదు. బిగుతైన రింగులున్న నల్లజాతీయుల జుట్టుకు వారానికి ఒకసారి గాని, రెండు వారాలకు ఒకసారి గాని చాలునని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సూచిస్తుంది. అంతటి పొడి జుట్టు ఉన్న ఎవరికైనా మొదలుపెట్టడానికి అది మంచి కొలత. మాడు దురద పెడుతుంటే, చుండ్రు పొట్టు రాలుతుంటే మరికొంత తరచుగా కడగాలి; శుభ్రంగా లేని మాడు మీద మంచి జుట్టు నిలవదు.

స్నానానికి ముందు నూనె రాయడం నిజంగా పనిచేసే పద్ధతి. వెంట్రుక నీటిలో ఉబ్బి, ఆరి కుంచించుకుపోవడం పదే పదే జరిగితే పైపొర సడలిపోతుంది. నూనె ఆ ఉబ్బుడును తగ్గిస్తుంది. అన్ని నూనెలూ ఒకటి కావు. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ నూనెలను పోల్చి చూడగా, వెంట్రుక నుంచి ప్రోటీన్ నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లపు అణువులు చిన్నగా, తిన్నగా ఉండి వెంట్రుక లోపలికి చొరబడగలగడమే దానికి కారణం. తలస్నానానికి కొన్ని గంటల ముందు, మధ్య భాగం నుంచి చివర్ల వరకు పలచగా పట్టిస్తే సరిపోతుంది. చుండ్రు ఉన్నవారు మాత్రం మాడుకు నూనె పెట్టకూడదు, ఎందుకంటే చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే ఈస్టు నూనెలోని కొవ్వు ఆమ్లాలనే ఆహారంగా తీసుకుంటుంది. కొబ్బరి నూనె రాశాక జుట్టు మెత్తబడకుండా ఇంకా బిరుసెక్కినట్టు అనిపించేవారూ ఉన్నారు. వారు దాన్ని బలవంతంగా కొనసాగించనక్కరలేదు.

షాంపూను కొద్దిగా నీళ్లలో కలిపి, వేళ్ల మెత్తని భాగంతో మాడుకు మాత్రమే రుద్దండి. కిందికి జారే నురగ చివర్లను శుభ్రం చేయడానికి చాలు. జుట్టంతా నెత్తి మీదికి పోగు చేసి గుండ్రంగా రుద్దితే ఒక్క నిమిషంలో గంట సేపు విప్పవలసిన చిక్కులు పడతాయి. గోరువెచ్చని నీళ్లు వాడండి. సోడియం లారిల్ సల్ఫేట్ ప్రధానంగా ఉన్న షాంపూలు ఇలాంటి జుట్టుకు మరీ ఘాటు. కోకామిడోప్రొపైల్ బీటైన్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ వంటి మృదువైన శుభ్రకాలున్నవి ఎంచుకోండి. ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ విలువ 5.5 మించని షాంపూ మంచిది. మాడు సహజ పీహెచ్ దాదాపు అంతే ఉంటుంది, వెంట్రుక కాండానిది అంతకన్నా తక్కువ. క్షారగుణం పెరిగేకొద్దీ వెంట్రుక మీద రుణావేశం పెరిగి, వెంట్రుకలు ఒకదానితో ఒకటి ఎక్కువగా రాసుకుంటాయి. ఒంటి సబ్బు, వంటసోడా రెండూ క్షారగుణం కలవి కాబట్టి వాటిని తలకు వాడకండి. మీ ఇంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండి, బకెట్ల అంచున తెల్లని పొర పేరుకుంటూ ఉంటే, అదే పొర జుట్టు మీదా పేరుకుంటుంది. ఆ లవణాలను పట్టి వదిలించే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న షాంపూతో నెలకోసారి కడిగితే అది వదులుతుంది.

ఇక కండీషనర్. ఒక్క వస్తువు మాత్రమే కొనగలిగితే ఇదే కొనమంటాను. దెబ్బతిన్న చోట వెంట్రుక మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది. కండీషనర్లలో ఉండే బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్ వంటి పదార్థాలకు ధనావేశం ఉంటుంది. అందువల్ల అవి ఎక్కడ అవసరమో అక్కడే ఎక్కువగా అంటుకుని, లేచిన పొలుసులను అణచి నున్నగా చేస్తాయి. సీసా మీద సెటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అన్న పేర్లు చూసి భయపడకండి, అవి జుట్టును మెత్తబరిచే కొవ్వు పదార్థాలు; ఎండబెట్టేది డీనేచర్డ్ ఆల్కహాల్. డైమెథికోన్, అమోడైమెథికోన్ వంటి సిలికోన్ల మీద చాలా దుష్ప్రచారం ఉంది గాని, రాపిడిని తగ్గించడంలో వాటికి సాటి వచ్చేవి తక్కువ. అప్పుడప్పుడు షాంపూతో కడిగేవారికి అవి పేరుకుపోతాయన్న బెంగ అక్కరలేదు. గాఢమైన కండీషనర్‌ను పది నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచితే చాలు. రాత్రంతా తడి జుట్టుతో పడుకుంటే వెంట్రుక అంతసేపూ ఉబ్బి ఉండటం తప్ప అదనంగా ఒరిగేదేమీ లేదు.

ఐదో మెట్టు: చిక్కు తీయడం

తెగుడులో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది, ఎక్కువ భాగాన్ని ఆపగలిగేదీ ఇక్కడే. ఖరీదైన క్రీముల మీద పెట్టే శ్రద్ధలో సగం చిక్కు తీసే తీరు మీద పెట్టినా రెండు నెలల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది.

మొదటి ప్రశ్న తడిగా దువ్వాలా, పొడిగానా అన్నది. తిన్నని జుట్టు కలవారికి తడిగా ఉన్నప్పుడు దువ్వవద్దని చెబుతారు, ఎందుకంటే తడి వెంట్రుక బలహీనంగా ఉంటుంది. బిగుతైన రింగుల జుట్టుకు ఈ సలహా వర్తించదు. తడిసినప్పుడు రింగును పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తాత్కాలికంగా వదులై రింగు సడలుతుంది, పైన కండీషనర్ జారుడునిస్తుంది. అందువల్ల దువ్వెనకు ఎదురయ్యే లాగుడు బాగా తగ్గుతుంది. వెంట్రుక కొంచెం బలహీనపడినా, దాని మీద పడే బలం అంతకన్నా ఎక్కువ తగ్గడం వల్ల మొత్తం మీద లాభమే. ఇలాంటి జుట్టును పొడిగా దువ్వడం చేతులారా తెంపుకోవడమే.

పద్ధతి ఇది. జుట్టును నాలుగు నుంచి ఎనిమిది పాయలుగా విడదీసి, పని చేస్తున్న పాయను తప్ప మిగతావాటిని వదులుగా మెలిపెట్టి క్లిప్పు పెట్టండి. పాయకు కండీషనర్ ధారాళంగా పట్టించి, ముందు వేళ్లతో విడదీయండి. వేలికి ముడి తెలుస్తుంది, దువ్వెనకు తెలియదు. ఆ ఒక్క కారణం చేతనే వేళ్లను ముందు వాడాలి. ముడి తగిలిన చోట దానికి పైనున్న జుట్టును ఒక చేత్తో గట్టిగా పట్టుకుంటే కుదురు మీద లాగుడు పడదు. ముడిని కిందికి ఈడ్చకుండా పక్కలకు మెల్లగా విప్పాలి. వేళ్లు సాఫీగా నడిచిన తరువాత, పళ్లు వెడల్పుగా ఉండి అంచులు నున్నగా ఉన్న దువ్వెన తీసుకుని, చివరి రెండంగుళాలు మొదట దువ్వండి; అవి విడిపోయాక మరో రెండంగుళాలు పైకి, ఇలా కుదుళ్ల వరకు వెళ్లండి. పై నుంచి కిందికి ఒక్క ఊపున దువ్వితే చిన్న చిన్న చిక్కులన్నీ కింద ఒకచోట చేరి గట్టి ముద్దవుతాయి. పూర్తయిన పాయను వెంటనే మెలిపెట్టి గాని, వదులుగా అల్లి గాని పక్కన ఉంచితే అది మళ్లీ చిక్కుపడదు.

చెవి పెట్టి వినండి. దువ్వుతుండగా టక్ టక్ మన్న చిన్న చప్పుడు వస్తే అది వెంట్రుకలు తెగుతున్న చప్పుడు. వెంటనే ఆగి, ఇంకాస్త కండీషనర్ వేసి, మళ్లీ వేళ్లతో మొదలుపెట్టండి. ఒకే వెంట్రుక తన చుట్టూ తానే చుట్టుకుని ఇసుక రేణువంత ముడి వేసుకుంటే దాన్ని విప్పడానికి ప్రయత్నించకుండా, ముడికి పైన కత్తెరతో తీసేయండి. తీరిక లేని రోజున ఈ పనికి పూనుకోవద్దని నా విన్నపం. హడావుడిగా తీసిన చిక్కు కంటే మరునాటికి వాయిదా వేసిన చిక్కు నయం. రోజూ వందసార్లు బ్రష్ చేస్తే జుట్టు మెరుస్తుందన్న పాత మాటను ఈ జుట్టు విషయంలో పూర్తిగా మరిచిపోండి.

ఆరో మెట్టు: ఆరబెట్టడం, పూత పెట్టడం

తువాలుతో రుద్దకుండా, మెత్తని నూలు బట్టతో పాయ పాయనూ అదిమి నీరు తీయండి. డ్రయ్యర్ పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, 15 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఆరబెట్టిన జుట్టు పైపొర కొంత దెబ్బతిన్నా, కణాల మధ్యనుండే అతుకు పదార్థం సహజంగా ఆరిన జుట్టులోకంటే బాగుందని తేలింది. గంటల తరబడి తడిగా ఉండిపోవడం కూడా ఒక దెబ్బేనని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి మందపాటి జుట్టు కలవారు తక్కువ వేడితో, దూరం పాటిస్తూ ఆరబెట్టుకోవచ్చు.

కొంచెం తడి ఉండగానే కడగనవసరం లేని కండీషనర్‌ను పాయల వారీగా రాసి, దాని మీద రెండు మూడు చుక్కల నూనె, కావాలనుకుంటే ఆ పైన చిక్కని క్రీము పలచగా రాయండి. చివర్లకు ఎక్కువ, మధ్యకు తక్కువ, మాడుకు అసలే వద్దు. గ్లిజరిన్ ఎక్కువగా ఉన్నవి గాలిలో తేమ మరీ తక్కువగా ఉన్న రోజుల్లో ఆశించిన ఫలితం ఇవ్వవు. తేమ మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో అవే జుట్టును ఉబ్బించి చిక్కుపరుస్తాయి. మీ వాతావరణాన్ని బట్టి చూసుకోండి.

ప్రోటీన్ చికిత్సల గురించి క్లుప్తంగా చెబుతాను. హైడ్రోలైజ్డ్ కెరటిన్, గోధుమ ప్రోటీన్ వంటివి చిన్న ముక్కలుగా విడగొట్టినవి కాబట్టి దెబ్బతిన్న చోట్ల అంటుకుని కొంతకాలం బలాన్నిస్తాయి. పచ్చి గుడ్డులోని ప్రోటీన్ అణువులు మరీ పెద్దవి, అవి వెంట్రుక లోపలికి పోలేవు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వాడి చూసి, జుట్టు గడ్డిలా గట్టిపడితే ఆపేయండి. గంధకపు బంధాలను సరిచేస్తామని చెప్పే ఉత్పత్తులు బ్లీచ్ చేసిన జుట్టుకు కొంత ఉపయోగపడవచ్చు. ఎన్నడూ రసాయనం తగలని జుట్టుకు వాటి అవసరం పెద్దగా ఉండదు.

ఏడో మెట్టు: కట్టుకునే తీరు, పడుకునే తీరు

వదులుగా వేసిన జడలు, మెలితిప్పిన పాయలు చివర్లను రాపిడి నుంచి కాపాడతాయి, రోజూ చిక్కు తీయవలసిన అవసరాన్ని తప్పిస్తాయి. అయితే రక్షణ కోసం వేసుకున్న జడ నొప్పి పెడుతుంటే అది రక్షణ కాదు. జడ వేసిన రోజు మాడు లాగుతున్నట్టున్నా, నుదుటి అంచున చిన్న పొక్కులు వచ్చినా ఆ పూటే విప్పేయండి. ఎప్పుడూ బిగించి కట్టడం వల్ల వచ్చే ట్రాక్షన్ అలోపీషియా అనే జుట్టు ఊడే సమస్య తొలి దశలో తగ్గిపోతుంది, ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లు శాశ్వతంగా మూసుకుపోతాయి. అదనపు జుట్టు కలిపి వేసిన జడలను ఆరు నుంచి ఎనిమిది వారాలకు మించి ఉంచకండి. ముడి వేసే చోటును తరచూ మార్చండి, ఒట్టి రబ్బరు బ్యాండుకు బదులు బట్ట చుట్టిన బ్యాండు వాడండి. రాత్రి పూట శాటిన్ లేదా పట్టు టోపీ గాని, దిండు గలీబు గాని ఉంటే నూలు గలీబు వల్ల కలిగే రాపిడి తప్పుతుంది. ఒకసారి పెట్టే ఖర్చుకు ఏడాది పొడవునా ఫలితమిచ్చేది ఇంతకంటే మరొకటి నాకు కనబడలేదు.

ఎనిమిదో మెట్టు: వైద్యులను కలవవలసిన సందర్భాలు

కొన్ని రకాల తెగుడు జుట్టును చూసుకునే తీరులోని లోపం వల్ల వచ్చేది కాదు. నడినెత్తిన మాత్రమే జుట్టు పొట్టిబడుతూ, అక్కడ దురద, మంట, నొప్పి ఉంటే, కుదుళ్లను మచ్చగా మార్చే సీసీసీఏ అనే వ్యాధికి అది తొలి సూచన కావచ్చు. ఆలస్యం చేస్తే పోయిన కుదుళ్లు తిరిగి రావు. పిల్లల్లో మాడు మీద పొట్టు లేస్తూ, వెంట్రుకలు మాడు దగ్గరే విరిగి నల్లని చుక్కల్లా కనిపిస్తే అది శిలీంధ్ర వ్యాధి కావచ్చు. దానికి నోటి ద్వారా తీసుకునే మందు కావాలి, పైపూతలు చాలవు. జుట్టు హఠాత్తుగా పెళుసుబారి, దానితో పాటు అలసట, చలి తట్టుకోలేకపోవడం వంటివి ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉన్నవారు ఇనుము నిల్వలు చూపే ఫెర్రిటిన్ పరీక్ష గురించి అడగాలి. తీవ్రమైన జ్వరం, శస్త్రచికిత్స, ప్రసవం తరువాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా ఊడితే అది రాలుడే గాని తెగుడు కాదు, చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. బయోటిన్ మాత్రలను మాత్రం అలవాటుగా మింగకండి. దాని లోపం అరుదు, పైగా గుండె, థైరాయిడ్‌లకు సంబంధించిన కొన్ని రక్తపరీక్షల ఫలితాలను అది తప్పుగా చూపించగలదు. ఇప్పటికే వాడుతున్నవారు రక్తపరీక్షకు ముందు ఆ విషయాన్ని వైద్యులకు చెప్పి తీరాలి.

తొమ్మిదో మెట్టు: మూడు నెలలు కొలిచి చూడండి

మొదలుపెట్టిన రోజున నుదుటి దగ్గర, నడినెత్తిన, మెడ వెనక ఒక్కో పాయను సాగదీసి కొలిచి, మూడు అంకెలను రాసిపెట్టుకోండి. ప్రతి చిక్కు తీసిన రోజునా తెల్లని బట్ట మీద పడిన పొట్టి ముక్కలను మాత్రమే ఏరి, ఒక కాగితం మీద అతికించి తేదీ వేయండి. వారం వారం ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అద్దంలో ఇంకా కనిపించని మార్పు అక్కడ ముందుగా కనిపిస్తుంది. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి, కొత్త క్రీము గాని, కొత్త నూనె గాని నాలుగు వారాలకు ఒకటి చొప్పున మాత్రమే చేర్చండి. మూడు నెలల తరువాత కొలిస్తే ప్రతి చోటా 2 నుంచి 3 సెంటీమీటర్లు పెరిగి ఉండాలి; మధ్యలో కత్తిరించినది ఉంటే దాన్ని కలిపి లెక్కించండి. రెండు చోట్ల పెరిగి ఒకచోట పెరగకపోతే, ఆ ఒక్క చోటుకు ఏది రాసుకుంటోందో, ఏది బిగుస్తోందో మొదటి మెట్టులో చెప్పినట్టు మళ్లీ వెతకండి. మూడు చోట్లా ఏమాత్రం మార్పు లేకపోతే, రాసిపెట్టుకున్న ఆ అంకెలను, అతికించిన ఆ కాగితాలను వెంటబెట్టుకుని చర్మవైద్య నిపుణుల దగ్గరికి వెళ్లండి; వెంట్రుకను సూక్ష్మదర్శిని కింద పెట్టి అది విరిగిన తీరును చూడగలిగేది వారే.